విద్యుత్తు చదువు

“దీపము వెలిగించుటకు నాలుగేండ్ల చదువేల?” అని నన్నడుగువారు కలరు. తీగె బిగించుట పనివాడును నేర్చును. ఎంత లావు తీగె, ఎంత దూరము, ఏల యని లెక్క కట్టుట ఈ విద్యార్థి నేర్చును. అందుకే మొదట గణిత భౌతికశాస్త్రములు, పిదప యంత్రములు, ప్రయోగశాల.

ఒక్క యుదాహరణము. విద్యుత్తు దూరము పోవునపుడు తీగె వేడెక్కి కొంత శక్తి వ్యర్థమగును. పంపు శక్తి మారకుండ వోల్టేజిని పదిరెట్లు పెంచినచో, ప్రవాహము పదియవ వంతగును. నష్టము ప్రవాహముయొక్క వర్గము ననుసరించునది గావున, అదే తీగెలో నూరవ వంతునకు దిగును. పొలములమీది పెద్ద స్తంభముల తీగెలలో అంత వోల్టేజి యుంచుట యిందులకే. ఊరిలోని ట్రాన్సుఫార్మరు దానిని మన యిండ్లకు తగినట్లు తగ్గించును.

ఈ విద్య మగపిల్లల సొత్తు గాదు. తెలుగింటి యాడపడుచు అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదేండ్ల ప్రాయమున భర్తను గోల్పోయిరి. చేత నాలుగు నెలల బిడ్డ. ఐనను మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1943లో విద్యుత్తు శాఖ చదువు ముగించిరి. తరువాత భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్తును చేరవేయు మార్గముల రూపకల్పనలో పాల్గొనిరి.

మీ యింట లెక్కలయం దభిరుచి గల మనుమరాలున్నచో, చదువు మాన్పించుటకు ముందు ఈమెను తలచుకొనుడు.