పట్టపగలు చుక్క కనిపించిన 23 రోజులు

ఈ వారం ముఖచిత్రంలో నారపోగుల్లా అల్లుకుపోయిన వెలుగు క్రాబ్ నెబ్యులాది. వృషభ రాశిలో, మనకు దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరాన, పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన శిథిలం. హబుల్ టెలిస్కోపు తీసిన ఈ బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అంతకంటే గొప్ప విషయం ఒకటుంది. ఆ పేలుడు వెలుగు భూమికి చేరిన తేదీ మనకు తెలుసు.

1054 జులై 4.

ఈ తేదీని అందించినవి చైనాలోని సోంగ్ రాజవంశపు దస్త్రాలు. రాజధాని కైఫెంగ్‌లో ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండటానికే ఒక కార్యాలయం ఉండేది. వింత కనబడితే చక్రవర్తికి నివేదించాలి. ఆ వేసవిలో, తెల్లవారుజామున, తూర్పు దిక్కున థియన్‌గ్వాన్ తార దగ్గర కొత్త చుక్క పొడిచింది. వాళ్లు దాన్ని అతిథి తార అన్నారు. ఎరుపు కలిసిన తెలుపు, నాలుగు దిక్కులా కిరణాలు, శుక్రుడిలా పట్టపగలు కూడా కనిపించడం, అలా కనిపించింది మొత్తం 23 రోజులు కావడం, అన్నీ రాసిపెట్టారు.

ఆగస్టులో యాంగ్ వెయ్‌ద అనే అధికారి ఏలినవారికి శుభశకునం విన్నవించాడు. దేశంలో మహా యోగ్యుడు ఉన్నాడనడానికి ఆ చుక్కే సూచన అన్నాడు. ఆస్థానమంతా అభినందనలు చెప్పింది. ఆ జోస్యంతో మనకు పని లేదు. కానీ జోస్యం చెప్పడానికైనా ముందు ఉన్నది ఉన్నట్టు చూడాలి కదా! 1056 ఏప్రిల్‌లో చుక్క కనుమరుగైనప్పుడు దాన్నీ నమోదు చేశారు. ఇరవై ఒక్క నెలల పాటు ఒకే చుక్కను వదలకుండా చూసిన ఆ ఉద్యోగులకు ఖగోళశాస్త్రం ఎంతో రుణపడి ఉంది.

దస్త్రంలో చిక్కు లేకపోలేదు. అతిథి తార థియన్‌గ్వాన్‌కు ఆగ్నేయంగా ఉందని అందులో ఉంది. నెబ్యులా మాత్రం ఆ తారకు వాయవ్యంగా ఉంది. పండితులు దీనిమీద చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. అయినా నెబ్యులా వ్యాకోచ వేగాన్ని బట్టి వెనక్కి లెక్కిస్తే కాలం దాదాపు సరిపోతోంది. అమెరికాలోని చాకో కాన్యన్ రాతి బొమ్మను కూడా ఈ పేలుడుకు సాక్ష్యంగా చూపుతుంటారు. దానిమీద తేదీ లేదు. దాన్ని ఈ దస్త్రం పక్కన నిలబెట్టడం సబబు కాదు.

తక్కిన చరిత్ర క్లుప్తంగా: 1731లో జాన్ బెవిస్ ఈ మసకను చూశాడు. 1758లో మెస్సియే చూసి, తన జాబితాలో మొదటి సంఖ్య ఇచ్చాడు. పీతలా ఉందనిపించే బొమ్మ గీసినవాడు లార్డ్ రాస్. అది వ్యాకోచిస్తోందని 1921లో డంకన్ గుర్తిస్తే, 1928లో ఖగోళశాస్త్రవేత్త హబుల్ 1054 నాటి చుక్కతో ముడిపెట్టాడు. 1968లో దాని నడిబొడ్డున సెకనుకు 30 సార్లు తిరిగే పల్సార్, అంటే పేలిన నక్షత్రం తాలూకు గట్టి గర్భం, బయటపడింది.

శ్రీహరికోట నుంచి

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఈ పల్సార్‌నే పదేపదే గమనించింది. దాని ఎక్స్ కిరణాల ధ్రువణం (తరంగాలు ఒకే దిశలో కంపించే తీరు), పల్సార్ ఒక్క చుట్టు తిరిగేలోపే మారుతోందని 2017లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు.

చూడాలంటే

డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ఊరి దీపాలకు దూరంగా వెళ్లండి. ముందు రోహిణిని పట్టుకోండి, తర్వాత వృషభం దక్షిణపు కొమ్ము చివరి తారను. దాని పక్కనే బైనాక్యులర్‌లో చిన్న మసక మచ్చ కనిపిస్తుంది. వట్టి కంటికి మాత్రం ఆనదు.