చెయ్యి మార్చలేదు... పిడి మార్చాం!

మా అమ్మాయిది ఎడంచేతి వాటం. మా అత్తగారి భాషలో చెప్పాలంటే పుర్రచెయ్యి. చిన్నప్పుడు గుడిలో ప్రసాదం ఎడంచేత్తో పట్టిందని, చుట్టాలకి కాఫీ గ్లాసు ఎడంచేత్తో ఇచ్చిందని పాపం దానికి తినని తిట్టు లేదు. అన్నం తినడానికి, అక్షింతలు వెయ్యడానికి కుడిచెయ్యి అలవాటు చేసుకుంది. పెన్ను, బంతి, దువ్వెన మాత్రం ఎడంచేతిలోనే ఉండిపోయాయి.

నాకు ఇంకో సంగతి ఉంది. నాదీ పుర్రచెయ్యే. రెండో క్లాసులో పలకమీద ఎడంచేత్తో రాస్తుంటే మా మాస్టారు స్కేలుతో వేళ్ల మీద కొట్టి మాన్పించారు. ఇప్పటికీ నా దస్తూరీ చూసి బ్యాంకులో గుమస్తా కళ్లజోడు సర్దుకుంటాడు. అందుకే అమ్మాయి జోలికి నేను పోలేదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ ఎయిర్ పిస్టల్‌తో కంచు పతకం కొట్టిన రోజు టీవీ ముందు నుంచి మా అమ్మాయి లేవలేదు. నాలుగోరోజుకల్లా “నేనూ నేర్చుకుంటానమ్మా” అంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో ఒక్కసారే నాలుగు పతకాలు తెచ్చిందని దాని నోటినుంచే విన్నాను. భీమవరంలో పిల్లలు ఆడితే క్రికెట్టో షటిలో ఆడతారు. సంక్రాంతి వస్తే పెద్దవాళ్ల ఆటలు వేరు, అవి మీకూ తెలుసు. పిస్టల్ షూటింగ్ అంటే మా వీధిలో అందరూ “పోలీసులో చేరుస్తారాండీ?” అని అడిగారు.

ఆదివారాలు తెల్లారుజాము రైలెక్కి విజయవాడ వెళ్లి నేర్చుకోవడం మొదలైంది. మూడోవారం ఇంటికొచ్చి చెయ్యి చూపించింది. అరచేతి మొదట్లో రూపాయి బిళ్లంత బొబ్బ.

కుడిచేతి వాళ్ల లోకం

అక్కడున్న పిస్టళ్లన్నీ కుడిచేతివే. మామూలు బొమ్మ తుపాకీ పిడి రెండు చేతులకీ ఒకటే. పోటీల పిస్టల్ పిడి అలా కాదు. అది చేతికి తొడుగులాంటిది. బొటనవేలు ఆనడానికి ఒక మెట్టు, వేళ్లకి గాళ్లు, అరచేతి కింద చెయ్యి జారకుండా ఒక పలక, అరచేతి గుంట నిండడానికి ఒక బొడిపె. కుడిచేతి పిడిని ఎడంచేత్తో పట్టుకుంటే కుడికాలి చెప్పు ఎడంకాలికి వేసుకున్నట్టే. బొటనవేలి మెట్టు అరచేతిలో గుచ్చుకుంటుంది. పలక ఉండాల్సిన చోట ఖాళీ, ఉండకూడని చోట ఒత్తిడి.

నేర్పించే ఆయన మంచి మనిషే. కానీ ఒకరోజు మొహమాటం లేకుండా చెప్పేశారు. “కుడిచేతికి మార్చేద్దామండీ. ఇంకా మొదలే కదా, ఆర్నెల్లలో అలవాటైపోతుంది. ఎడంచేతి పిడి బయటిదేశం నుంచి తెప్పించాలి, నెలలు పడుతుంది.” ఖరీదు కూడా చెప్పారు. ఆ మాట విని మా ఆయన రైల్లో ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి అమ్మాయి అడిగింది. “అమ్మా, నువ్వు మార్చుకున్నావు కదా. నీకు బానే ఉందా?”

నేను జవాబు చెప్పలేదు. పొద్దున్నే ఆచారి గారికి కబురు పెట్టాను.

ఒక మిల్లీమీటరు కథ

ఆచారి గారు మా ఇంటి తలుపులు, మంచాలు, దేవుడి మందిరం చేసిన మనిషి. డెబ్భై దాటాయి. నేను విషయం చెబితే “పిడే కదండీ అమ్మగారూ, గొడ్డలికి వెయ్యలేదా, బాడితకి వెయ్యలేదా” అన్నారు. అమ్మాయి పకపకా నవ్వి, కాగితం తీసి ఆయనకి లెక్క చెప్పింది. ఆ లెక్క మీకూ చెబుతాను.

పది మీటర్ల దూరంలో గురి. మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. కిలో బరువున్న పిస్టల్‌ని ఒంటిచేత్తో చాపి పట్టుకుని, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు అందులోకి పంపాలి. డెబ్భై అయిదు నిమిషాల్లో అరవైసార్లు. చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే పెద్ద నష్టం లేదు, గుండు కూడా ఆ మిల్లీమీటరే జరుగుతుంది. కానీ మణికట్టు మెలితిరిగి, పిస్టల్ ముందున్న సైటు వెనకగాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయిందంటే వేరే కథ. రెండు సైట్లకీ మధ్య దూరం సుమారు ముప్ఫైరెండు సెంటీమీటర్లు. ఆ మిల్లీమీటరు తేడా పది మీటర్లు వెళ్లేసరికి ముప్ఫై ఒకటవుతుంది. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది.

“అంటే పిడి మణికట్టుని తిప్పకూడదు. అంతేనా పాపగారూ?” అన్నారు ఆచారి గారు. అమ్మాయి మొహం వెలిగిపోయింది. మూడు నెలల్లో దానికి అర్థమైంది ఆయనకి మూడు నిమిషాల్లో అర్థమైంది.

ఇంతలో మేం వేరే ఊళ్లో ఒకరి దగ్గర వాడిన పిస్టల్ కొనుక్కున్నాం. అదీ కుడిచేతిదే. అయితే దాని ఇనుప భాగమంతా రెండు చేతులకీ పనికొచ్చేదే. చెక్క పిడి ఒక్క బోల్టుతో ఊడొస్తుంది. మార్చాల్సింది ఆ చెక్క ఒక్కటే. ట్రిగ్గరు లోపలి భాగాలు, గొట్టం, గాలి సిలిండరు మేం ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. పని జరిగినన్నాళ్లూ సిలిండరు విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాను.

అద్దం చేసిన మోసం

ముందు నమూనా చెయ్యాలన్నారు ఆయన. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క ముక్క ఎక్కడినుంచో తెచ్చారు. మెత్తగా ఉంటుంది, తప్పు పోయినా బాధ లేదు. పాత పిడిని అద్దం ముందు పెట్టి, అద్దంలో కనిపించే రూపం చూసుకుంటూ రెండు రోజులు చెక్కారు. అచ్చు గుద్దినట్టు వచ్చింది. తీరా పిస్టల్‌కి తొడగబోతే ఎక్కలేదు!

కారణం తెలిశాక అందరం నవ్వుకున్నాం. ఆయన పైరూపంతోపాటు లోపలి గాడిని కూడా తిరగేసి చెక్కేశారు. చెయ్యి మారింది గానీ పిస్టల్ మారలేదు కదా! బయట ఎడమ, లోపల పాతదే ఉండాలి. రెండో నమూనా ఎక్కింది.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఏ మనిషికీ రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా ఉండవు. అమ్మాయి ఎడంచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీశారు. బొటనవేలు ఎంత దూరం చాస్తుందో, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరు మీద ఎక్కడ ఆనుతుందో గుర్తులు పెట్టుకున్నారు. అసలు పిడికి టేకు తీశారు. ఎవరిదో పాత మండువా లోగిలి పడగొట్టినప్పుడు కొన్న ద్వారబంధం ముక్క. “ఏళ్ల తరబడి ఎండిన కర్రండి, ఇక వంగదు, ఉబ్బదు” అన్నారు. మా డెల్టా గాలిలో తేమ ఎంతో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఎక్కడ ఒత్తుతోందో తెలుసుకోడానికి ఉపాయం మా అత్తగారు చెప్పారు. అవును, ఆవిడే. దేవుడి గూట్లోంచి కుంకం తెచ్చి, “చెక్కకి రాయి, పిల్లని పట్టుకోమను. చేతికి ఎక్కడ ఎక్కువ అంటితే అక్కడ ఒత్తుతున్నట్టు” అన్నారు. అరచేతిలో ఎర్రగా అంటిన ప్రతిచోటుకీ ఎదురుగా ఆకురాయితో అరగదీశారు ఆచారి గారు. గుంటగా మిగిలిన చోట ఎమ్‌సీల్‌లో చెక్కపొట్టు కలిపి నింపి, ఆరాక మళ్లీ గీకారు. వారంలో పదకొండుసార్లు కుంకం పూశాం. చివరికి అరచెయ్యంతా సమానంగా ఎర్రబడింది, పేరంటంలో పారాణి పెట్టినట్టు.

కళ్లు మూసుకుని చేసే పరీక్ష

పిడి నప్పిందని తెలిసేది కళ్లు మూసుకున్నప్పుడు. తెల్లగోడ ముందు నిలబడి, ఖాళీ పిస్టల్ దించి పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తాలి. కళ్లు తెరిస్తే ముందు సైటు వెనకగాడి మధ్యలో, అటూ ఇటూ సమానంగా వెలుగు కనిపించేలా ఉండాలి. మొదట్లో ప్రతిసారీ కుడిపక్కకే పోయేది. చేత్తో సర్దుకుంటే సరిపోతుంది గానీ అరవైసార్లు సర్దుకోవడమంటే మణికట్టు అరిగిపోతుంది. ఆయన అరచెయ్యి ఆనేచోట ఒకపక్క నూగంత పెంచి, ఎదురుపక్క తగ్గించారు. నాలుగురోజులకి సైటు మధ్యలోకి వచ్చి నిలబడింది.

ఎడంచేతివాళ్ల తల్లిదండ్రులు ఇంకోటి చూసుకోవాలి. చెయ్యి ఎడమదైనంత మాత్రాన కన్ను ఎడమది కానక్కర్లేదు. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా గడియారం చూడమనండి. ఒక్కో కన్నూ మూస్తే ఏ కంటికి గడియారం కనబడుతుందో అదే గురిచూసే కన్ను. మా అమ్మాయిది అదృష్టవశాత్తూ ఎడమకన్నే. కన్ను, చెయ్యి వేరువేరైతే పిడి కోణం, తల నిలిపే తీరు దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

పెట్టెలో పట్టని పిస్టల్

పోటీకి పదిరోజులుందనగా నేర్పించే ఆయన ఫోన్ చేసి నియమాలు గుర్తుచేశారు. ఎయిర్ పిస్టల్ బరువు కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గరు కనీసం అరకిలో బరువు మొయ్యాలి. పిడి మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు, చేతిని చుట్టెయ్యకూడదు. అన్నిటికీ మించి, పిస్టల్ మొత్తం 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి.

ఆచారి గారు ప్లైవుడ్‌తో సరిగ్గా ఆ కొలతల్లో పెట్టె చేశారు. పిస్టల్ పట్టలేదు. కొలిస్తే యాభై మూడు వచ్చింది. అరచేతి కింద పలక మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. అంత కష్టపడి చేతికి అమర్చింది ఆ పలకే. అమ్మాయి ఏడుపొకటే తక్కువ. ఆయన మాత్రం తాపీగా చూసి, “పలక తగ్గిద్దాం, పోయిన ఆసరా గరుకులో రాబడదాం” అన్నారు. పలక అంచు నాలుగు మిల్లీమీటర్లు చిత్రిక పట్టేశారు. అరచెయ్యి ఆనే భాగమంతా సన్నటి మేకుమొనతో చుక్కచుక్కగా పొడిచి గరుకు చేశారు. చెమటలోనూ జారదు. ఈసారి పెట్టెలో సుతారంగా దిగింది.

పోటీరోజు తనిఖీ బల్ల దగ్గర అధికారి ఆ పిడిని రెండుసార్లు తిప్పిచూసి “ఏ కంపెనీది?” అని అడిగారు. అమ్మాయి “భీమవరమండి” అంది.

పతకం రాలేదు. ఆరువందలకి 541. కుడిచేతి పిడితో ఎప్పుడూ 510 దాటలేదు. చేతిమీద బొబ్బ లేదు. నాకు అది చాలు.

చెయ్యి పోయినవాడు, చెయ్యి రానివాడు

తర్వాత చదువుతుంటే తెలిసింది, హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ కథ. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోయింది. ఎడంచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్ రెండింట్లోనూ పిస్టల్ బంగారం గెలిచాడు. మన మనీష్ నర్వాల్‌కి పుట్టుకతోనే కుడిచేతిలో లోపం. ఎడంచేత్తో కాల్చి టోక్యో పారాలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చాడు. వాళ్లకి వేరే దారి లేక ఎడంచెయ్యి పట్టుకున్నారు. మా అమ్మాయికి పుట్టుకతో వచ్చిన దారిని మనమెందుకు మూసెయ్యాలి?

మొన్న అది మళ్లీ పిడి పట్టుకుని, “చిటికెనవేలు ఇరుకుగా ఉందమ్మా” అంది. ఏడాదిలో చెయ్యి పెరిగింది. ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంట్లో గోడగూట్లో మొదటి పొణికి నమూనా ఇంకా ఉంది, ఆ ఎక్కని పిడి. దాన్ని చూసి నవ్వి, ఆకురాయి అందుకున్నారు.

“చెయ్యి పెరుగుతుందండి అమ్మగారూ. చెక్క పెరగదు. మనమే తియ్యాలి.”

మా అత్తగారు కుంకం భరిణె నా సంచిలో ముందే పెట్టేశారు.