విశ్వవిద్యాలయం మారే విద్యార్థి – విద్యా సలహా: క్రెడిట్ బదిలీలో అంగీకారం, అన్వయం, అంతరం

వ్యాస సంగ్రహం:

జాతీయ విద్యావిధానం–2020 తరువాత, ఒక విద్యాసంస్థలో చదివిన చదువును మరొక విద్యాసంస్థకు తీసుకుపోయే అవకాశం మన విద్యార్థులకు నియమరూపంలో లభించింది. అయితే క్రెడిట్లు బదిలీ కావడం వేరు, అవి పట్టాకు అక్కరకు రావడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని గుర్తించి విద్యార్థికి సకాలంలో తెలియజేయడమే విద్యా సలహాదారు ప్రధాన కర్తవ్యం. ఈ సమస్యతో దీర్ఘకాలంగా పరిచయమున్న అమెరికా ఉన్నత విద్య అనుభవాన్నీ, తెలుగు రాష్ట్రాలలోని పరిస్థితులనూ పక్కపక్కన ఉంచి, సలహా ఏయే అంశాలపై, ఏ దశలో జరగాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: విద్యా సలహా, క్రెడిట్ బదిలీ, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, లేటరల్ ఎంట్రీ, సమానత, మెంటర్.

1. ఉపోద్ఘాతం

విద్యార్థి చదువు మధ్యలో విశ్వవిద్యాలయం మారడానికి కారణాలు అనేకం. కుటుంబం ఊరు మారడం, వివాహం, ఆర్థిక ఇబ్బంది, ఎంచుకున్న విషయంపై ఆసక్తి సన్నగిల్లడం, మరింత మంచి సంస్థలో ప్రవేశం దొరకడం వీటిలో ముఖ్యమైనవి. పూర్వం ఇటువంటి విద్యార్థి టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు చేతబట్టుకొని కొత్త విశ్వవిద్యాలయ కార్యాలయాన్ని ఆశ్రయించేవాడు. అక్కడ పాఠ్యప్రణాళిక సరిపోలలేదంటే మళ్లీ మొదటి సంవత్సరం నుండి చదవడం తప్ప దారి ఉండేది కాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 జూలైలో ప్రకటించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నియమావళి ఈ స్థితిని మార్చడానికి ఉద్దేశించినది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అతని ఖాతాలో జమ అవుతాయి. అవసరమైనప్పుడు మరొక సంస్థకు బదిలీ అవుతాయి. చివరకు పట్టా కోసం వినియోగమవుతాయి. ‘బ్యాంకు’ అనే పేరు వినగానే అందులోని నిల్వ ఎక్కడైనా ఒకే విలువతో చెల్లుతుందన్న అభిప్రాయం కలగడం సహజం. నిజానికి ఆ విలువను నిర్ణయించేది స్వీకరించే సంస్థ. ఈ సంగతి ప్రవేశం పొందిన తరువాత తెలిసిన విద్యార్థి ఒక సెమిస్టరునో, ఒక సంవత్సరాన్నో కోల్పోతాడు.

2. విద్యా సలహా: భావన, నేపథ్యం

విద్యా సలహా ప్రత్యేక వృత్తిగా ఎదిగిన దేశం అమెరికా. అక్కడ రెండేళ్ల కళాశాలలో చదివి, ఆపై నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారే సంప్రదాయం 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో స్థాపితమైన జోలియెట్ జూనియర్ కళాశాల నాటిది. 1972లో టెర్రీ ఓబానియన్ విద్యా సలహాను ఐదు మెట్లుగా వివరించాడు. అవి జీవిత లక్ష్యాల అన్వేషణ, వృత్తి లక్ష్యాల అన్వేషణ, కోర్సు ఎంపిక, పాఠ్యాంశాల ఎంపిక, కాలపట్టిక నిర్ణయం. అదే సంవత్సరం బర్న్స్ క్రూక్‌స్టన్ సలహా ఇవ్వడం కూడా బోధనలో భాగమేనని ప్రతిపాదించాడు. సలహాదారుల జాతీయ సంఘం 1979లో ఏర్పడింది.

బదిలీ విద్యార్థుల విషయంలో ప్రసిద్ధమైన భావన ‘ట్రాన్స్‌ఫర్ షాక్’. కొత్త సంస్థలో చేరిన తొలి సెమిస్టరులో విద్యార్థి గ్రేడు సగటు పడిపోవడాన్ని జాన్ హిల్స్ 1965లో ఈ పేరుతో వ్యవహరించాడు. తరువాతి కాలంలో ఫ్రాంకీ శాంటోస్ లానన్ ఈ దృష్టికి మరొక కోణం జోడించాడు. బదిలీ ప్రక్రియను గురించి విద్యార్థి ముందుగా కూడగట్టుకున్న అవగాహనను అతడు ఒక పెట్టుబడిగా భావించాడు. కుటుంబంలో తొలితరం విద్యార్థికి ఆ పెట్టుబడి ఇంట్లో లభించదు. దానిని సమకూర్చవలసిన బాధ్యత సంస్థపై, ప్రత్యేకించి అధ్యాపకునిపై పడుతుంది.

3. కలగలిసిపోయే మూడు నిర్ణయాలు

బదిలీ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు నిర్ణయాలు ఇమిడి ఉన్నాయి.

మొదటిది ప్రవేశం. విద్యార్థిని చేర్చుకోవాలా వద్దా అన్నది సీట్ల లభ్యత, అర్హత నియమాలపై ఆధారపడుతుంది. రెండవది అంగీకారం. విద్యార్థి పూర్వ సంస్థలో సంపాదించిన క్రెడిట్లలో వేటిని గుర్తించాలో కొత్త సంస్థ నిర్ణయిస్తుంది. మూడవది అన్వయం. గుర్తించిన క్రెడిట్లు పట్టాకు కావలసిన ఏ గడిలో చేరతాయి? ప్రధాన విషయంలోనా, ఉప విషయంలోనా, నైపుణ్య పాఠ్యాంశాలలోనా, ఐచ్ఛికాలలోనా అన్నది ఇక్కడ తేలుతుంది.

ప్రవేశపత్రం చేతికందగానే మిగిలిన రెండు నిర్ణయాలూ అనుకూలంగా జరిగిపోయాయని విద్యార్థి భావిస్తాడు. క్రెడిట్లను గుర్తించినట్లు పత్రం వస్తే అన్వయం కూడా పూర్తయిందనుకుంటాడు. అమెరికాలో గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2004 నుండి 2009 వరకు కళాశాల మారిన విద్యార్థులు తమ క్రెడిట్లలో సుమారు 43 శాతం కోల్పోయారు. బదిలీకి శతాబ్దానికి పైబడిన సంప్రదాయం ఉన్నచోటనే పరిస్థితి ఇలా ఉన్నదంటే, ఈ దారిలో ఇప్పుడే అడుగుపెట్టిన మనం మరింత జాగరూకతతో ఉండాలి.

4. ఒక లెక్క

ఈ భేదాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో విడుదల చేసిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు అవసరం. సెమిస్టరుకు సగటున 20 క్రెడిట్లు. మూడు సెమిస్టర్లు ముగించి 60 క్రెడిట్లతో ఒక విద్యార్థిని కొత్త విశ్వవిద్యాలయానికి మారిందనుకుందాం. సమానమైన పాఠ్యాంశం లేనందున 8 క్రెడిట్లను కొత్త సంస్థ గుర్తించలేదు. గుర్తించిన 52లో 12 క్రెడిట్లు ఐచ్ఛికాల కిందికి వచ్చాయి. కానీ కొత్త ప్రణాళికలో ఐచ్ఛికాలకు మిగిలిన స్థానం 4 క్రెడిట్లకే. అంటే మరో 8 క్రెడిట్లు గుర్తింపు పొంది కూడా అదనంగా మిగిలిపోయాయి. పట్టాకు అన్వయమైనవి 44 మాత్రమే.

ఆమె ఇంకా 76 క్రెడిట్లు సంపాదించాలి. మిగిలిన మూడు సెమిస్టర్లలో 60 పూర్తవుతాయి. 16 క్రెడిట్ల కోసం నాలుగవ సెమిస్టరు తప్పదు. పైగా ఆ 16లో ఒక ప్రధాన పేపరు సరి సెమిస్టరులోనే బోధిస్తారనుకుంటే, నిరీక్షణ ఇంకా పెరగవచ్చు. ఆ అదనపు కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, హాస్టల్ వసతి ఉంటుందా అన్న ప్రశ్నలు అప్పుడు ఎదురవుతాయి. పేద కుటుంబంలో ఈ ప్రశ్నలకు ప్రతికూలమైన జవాబు వస్తే చదువే ఆగిపోతుంది.

బదిలీకి తగిన సమయం కూడా లెక్కలో భాగమే. 2021 నియమావళి ప్రకారం పట్టానిచ్చే సంస్థలో కనీసం 50 శాతం క్రెడిట్లు సంపాదించాలి. 120 క్రెడిట్ల డిగ్రీలో వెలుపలి నుండి తెచ్చుకోగలిగినవి 60కి మించవు. నాలుగు సెమిస్టర్లు చదివి 80 క్రెడిట్లతో మారే విద్యార్థికి, పాఠ్యాంశాలన్నీ సరిపోలినప్పటికీ, నియమం వల్లనే 20 క్రెడిట్లు అక్కరకు రావు. ‘ఈ సంవత్సరం పూర్తిచేసి మారతాను’ అనే విద్యార్థికి ఈ మాట ఆ సంవత్సరం మొదలుకాక ముందే చెప్పాలి.

5. సమానత: సంఖ్య ఒకటే, సారం వేరు

రెండు పాఠ్యాంశాలకు క్రెడిట్ల సంఖ్య సమానమైనంత మాత్రాన అవి సమానాలు కావు. పైన పేర్కొన్న చట్రంలో ఒక సెమిస్టరుకు ఒక క్రెడిట్ ఉపన్యాస బోధన అంటే 15 గంటలు. ఒక క్రెడిట్ ప్రయోగశాల పని అంటే 30 గంటలు. నాలుగు క్రెడిట్ల పేపరు పూర్తిగా ఉపన్యాసరూపంలో ఉంటే 60 గంటలు. మూడు క్రెడిట్లు ఉపన్యాసం, ఒక క్రెడిట్ ప్రయోగం అయితే 45, 30 కలిసి 75 గంటలు. మొదటి తరహా పేపరు చదివిన విద్యార్థి రెండవ తరహా పేపరుకు సమానత కోరినప్పుడు ప్రయోగశాల అనుభవం కొరవడుతుంది.

కనుక సమానతను నిర్ణయించడానికి మార్కుల మెమో చాలదు. యూనిట్ల వారీ సిలబస్, బోధన గంటలు, పరీక్షా విధానం, నిర్దేశిత గ్రంథాలు పరిశీలనకు రావాలి. విద్యార్థి తాను చదివిన సంవత్సరానికి సంబంధించిన సిలబస్ ప్రతిని భద్రపరచుకోవాలన్న చిన్న సూచన ఇక్కడ ఎంతో విలువైనది. సిలబస్ మారిన తరువాత పాత ప్రతి కోసం శాఖల చుట్టూ తిరగవలసి వస్తుంది.

6. ఏకమొత్తపు మినహాయింపు: ఈసెట్ అనుభవం

పేపరు వారీ సరిపోలికకు భిన్నమైన మార్గం మరొకటి ఉంది. అది కొంత చదువును ఏకమొత్తంగా గుర్తించడం. కాలిఫోర్నియా రాష్ట్రం 2010లో చేసిన చట్టం ఇందుకు ఉదాహరణ. దాని ప్రకారం కమ్యూనిటీ కళాశాలలో 60 యూనిట్లతో నిర్దిష్టమైన బదిలీ పట్టా పొందిన విద్యార్థికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో మూడవ సంవత్సరపు స్థానం లభిస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి మార్గం చాలాకాలంగా ఉన్నది. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసిన విద్యార్థి ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరతాడు. మొదటి సంవత్సరపు పేపర్లను ఒక్కొక్కటిగా పోల్చరు. సంవత్సరం మొత్తానికి మినహాయింపు ఇస్తారు. ఇందులో క్రెడిట్ నష్టం లేదు. అయితే జ్ఞానపరమైన అంతరం లెక్కల్లో కనబడకుండా మిగిలిపోతుంది. డిప్లొమా విద్యార్థికి వర్క్‌షాప్, ప్రయోగశాల పనులలో మంచి పట్టు ఉంటుంది. మూడవ సెమిస్టరు పేపర్లు మాత్రం మొదటి సంవత్సరపు గణితంపై, ప్రోగ్రామింగ్‌పై ఆధారపడి సాగుతాయి. ఆ పాఠాలు తరగతిలో వినని విద్యార్థి తొలి మిడ్ పరీక్షలోనే వెనుకబడితే, అది సామర్థ్యలోపంగా కనిపిస్తుంది. వాస్తవానికి అది క్రమలోపం. పేపరు వారీ పద్ధతిలో నష్టం మెమోలో కనిపిస్తుంది. ఏకమొత్తపు పద్ధతిలో నష్టం తరగతి గదిలో బయటపడుతుంది. సలహాదారు రెండవదాన్ని ముందుగా పసిగట్టి పూరక తరగతులకు మార్గం చూపాలి.

7. విరామం తరువాత తిరిగిరావడం

సంస్థ మారకపోయినా బదిలీ వంటి స్థితి మరొకటి ఏర్పడుతుంది. 2022 చట్రం ప్రకారం మధ్యలో నిష్క్రమించిన విద్యార్థి మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు. మొత్తం ఏడేళ్ల గరిష్ఠ కాలంలో డిగ్రీ పూర్తిచేయాలి. ఈలోగా పాఠ్యప్రణాళికే మారిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరం నుండి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. అంతకుముందు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను సమప్రాధాన్యంతో చదివి విరామం తీసుకున్న విద్యార్థి గణితం మేజర్‌గా తిరిగి చేరదలిస్తే, మిగిలిన రెండు శాస్త్రాల క్రెడిట్లలో ఎన్ని మైనర్ కిందికి వస్తాయో, ఎన్ని మిగిలిపోతాయో తేల్చాలి. గణితంలో అదనంగా చదవవలసిన పేపర్లను కూడా గుర్తించాలి. ఆ విద్యార్థి తన పాత కళాశాలకే వచ్చినా, చదువు రీత్యా కొత్త విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినట్లే.

8. సలహాదారు కర్తవ్యాలు

మన కళాశాలల్లో మెంటర్ వ్యవస్థ ఉన్నది. మెంటర్, విద్యార్థుల నిష్పత్తిని న్యాక్ మూల్యాంకనం కోసం నమోదు చేస్తాం. ఆ వ్యవస్థకు బదిలీ విద్యార్థి అవసరాలను జోడించడం కష్టం కాదు. అందుకు నాలుగు దశలను ప్రతిపాదించవచ్చు.

(అ) నిర్ణయానికి ముందు: మారడానికి అసలు కారణమేమిటో విద్యార్థితో మాట్లాడాలి. ఒక పేపరులో తప్పినందువల్లనో, వసతి ఇబ్బంది వల్లనో మారదలిస్తే, ఆ సమస్యకు ఉన్నచోటనే పరిష్కారం ఉండవచ్చు. మారడమే మేలని తేలితే ఉపకారవేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్, రిజర్వేషన్, స్థానికత నియమాలు కొత్త సంస్థలో ఎలా వర్తిస్తాయో లిఖితపూర్వకంగా తెలుసుకోమనాలి.

(ఆ) ప్రవేశానికి ముందు: పూర్వ సంస్థ క్రెడిట్లను ఖాతాలో జమచేసిందో లేదో చూడాలి. విద్యార్థి స్వయంగా క్రెడిట్లు జమచేసుకోలేడు. ఆ పని సంస్థదే. స్వయం వేదికపై పూర్తిచేసిన పాఠ్యాంశాలను కూడా పరిశీలించాలి. ఒక సెమిస్టరులో 40 శాతం వరకు పాఠ్యాంశాలను ఆ వేదికపై చదవడానికి నియమాలు అనుమతిస్తున్నప్పటికీ, ఏయే పాఠ్యాంశాలను గుర్తించాలన్నది సంస్థ నిర్ణయం.

(ఇ) చేరిన వెంటనే: పట్టాకు కావలసిన అంశాలను ఒకవైపు, అన్వయమైన క్రెడిట్లను మరొకవైపు చూపే ఒక పుట పట్టికను తయారుచేయాలి. చివరి సెమిస్టరు వరకు ఏ పేపరు ఎప్పుడు చదవాలో అందులో నమోదు కావాలి. విద్యార్థి, మెంటర్, శాఖాధ్యక్షుడు దానిపై సంతకం చేస్తే తరువాత వివాదానికి తావుండదు.

(ఈ) తొలి సెమిస్టరులో: మొదటి సంవత్సర విద్యార్థులకు దీక్షారంభ్ వంటి పరిచయ కార్యక్రమాలు ఉన్నాయి. మూడవ సెమిస్టరులో చేరినవారికి అవి అందవు. గ్రంథాలయం, పరీక్షల విభాగం, ప్రయోగశాల నియమాలను వారికి విడిగా పరిచయం చేయాలి. తొలి అంతర్గత పరీక్ష ముగిసిన వారంలోనే మెంటర్ వారిని కలవాలి. మాధ్యమం మారిన విద్యార్థి విషయంలో, వెనుకబాటు విషయంలోనా, భాషలోనా అని వేరుచేసి చూడాలి.

9. ముగింపు

1. ప్రవేశం, అంగీకారం, అన్వయం అనే మూడు నిర్ణయాలను విడదీసి వివరించడం బదిలీ విద్యార్థికి ఇచ్చే సలహాలో మొదటి మెట్టు.

2. క్రెడిట్ల సంఖ్యతో పాటు గంటలు, సిలబస్, పేపర్ల క్రమం కూడా సమానత నిర్ణయంలో పరిగణనకు రావాలి.

3. పేపరు వారీ గుర్తింపులో క్రెడిట్ నష్టం, ఏకమొత్తపు గుర్తింపులో జ్ఞానపరమైన అంతరం ఏర్పడే అవకాశం ఉంది. రెండింటికీ వేర్వేరు రీతుల సలహా అవసరం.

4. విరామం తరువాత తిరిగి వచ్చే విద్యార్థిని కూడా బదిలీ విద్యార్థిగానే పరిగణించాలి.

నియమాలు విద్యార్థికి దారి చూపాయి. ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏం కోల్పోయే ప్రమాదముందో చెప్పగలిగేది అతని ఎదుట కూర్చున్న అధ్యాపకుడే. ఆ మాట ఫీజు కట్టకముందు చెబితే సలహా అవుతుంది. కట్టిన తరువాత చెబితే సమాచారం మాత్రమే అవుతుంది.