తీగ ఎత్తు మార్చే చిన్న స్క్రూ

కొత్త ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లలో కొందరు వేళ్లు నొప్పెడుతున్నాయని నెల తిరక్కుండానే దాన్ని మూలన పెట్టేస్తారు. చాలాసార్లు లోపం వేళ్లలో ఉండదు, తీగల ఎత్తులో ఉంటుంది. ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఉండే ఈ ఎడాన్నే వాయించేవాళ్లు ‘యాక్షన్’ అంటారు. ఇప్పటి స్ట్రాటోకాస్టర్లకు పదిహేడో ఫ్రెట్ దగ్గర సుమారు 1.6 మిల్లీమీటర్లు ఉండాలని ఫెండర్ కంపెనీ లెక్క. అర మిల్లీమీటరు పెరిగితే చేతికి తెలుస్తుంది, అర మిల్లీమీటరు తగ్గితే చెవికి తెలుస్తుంది.

ఆ అర మిల్లీమీటరు మీద అధికారం వాయించేవాళ్లకు అంత తేలిగ్గా దక్కలేదు. పాత గిటార్లలో తీగలు ఎముక ముక్క మీద ఆనేవి. ఎత్తు తగ్గించాలంటే దాన్ని ఆకురాయితో అరగదీయాలి. కాస్త ఎక్కువ అరిగిందా, కొత్త ముక్క చెక్కుకోవాల్సిందే. 1920లలో గిబ్సన్ కంపెనీ తీగలను మోసే బ్రిడ్జికి రెండు చివర్లా వేళ్లతో తిప్పే చక్రాలు పెట్టింది. మంచి ఉపాయమే, కానీ అలా తిప్పితే తీగలన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి.

అదే గిబ్సన్ 1952లో లెస్ పాల్ గిటార్ తెచ్చినప్పుడు ఎత్తు దగ్గరే దెబ్బతింది. బాడీకి నెక్ అతికిన వాలు చాలలేదు. తీగలను బ్రిడ్జి కడ్డీ మీదుగా పోనిస్తే మరీ పైకి లేచేవి కాబట్టి కడ్డీ కిందుగా చుట్టి పోనిచ్చారు. దాంతో అరచేతి అంచును తీగల మీద ఆనించి నాదాన్ని అదిమే వీలు పోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ అమరిక మార్చేశారు. 1954లో గిబ్సన్ అధ్యక్షుడు టెడ్ మెక్‌కార్టీ పేరు మీద పేటెంట్ ఉన్న ‘ట్యూన్-ఓ-మాటిక్’ బ్రిడ్జి వచ్చింది. ఇందులో ప్రతి తీగ పొడవునూ విడిగా సవరించుకోవచ్చు. ఎత్తుకు మాత్రం మళ్లీ ఆ రెండు చక్రాలే.

ఎత్తు చిక్కును పూర్తిగా విప్పింది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసిన లియో ఫెండర్. ఆయనకు గిటార్ వాయించడం రాదు. అందుకేనేమో, తయారైన ప్రతి నమూనానూ వాయిద్యకారుల చేతికిచ్చి వాళ్ల ఫిర్యాదులు వినేవాడు. తర్వాత టెలికాస్టర్‌గా పేరుపడ్డ ఆయన తొలి గిటార్‌కు మూడే శాడిళ్లు (తీగలు ఆనే ముక్కలు), రెండేసి తీగలకు ఒకటి చొప్పున. 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌కు ఆరు తీగలకూ ఆరు శాడిళ్లు వచ్చాయి. ఒక్కో శాడిల్‌లో ఎత్తుకు రెండు బుల్లి స్క్రూలు, పొడవుకు వెనకనుంచి ఒకటి. నా దృష్టిలో ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రలో పికప్ తర్వాత చెప్పుకోవాల్సింది ఈ బుల్లి స్క్రూలనే.

విడివిడి ఎత్తు ఎందుకంటే, మీటిన తీగ ఉన్నచోట ఉండదు, ఊగుతుంది. లావు తీగ ఎక్కువ వెడల్పున ఊగుతుంది కాబట్టి దానికి ఎక్కువ చోటు కావాలి. చోటు చాలకపోతే ముందున్న ఫ్రెట్లకు తగిలి బర్రుమంటుంది. పైగా పాత ఫెండర్ల ఫింగర్‌బోర్డు అడ్డంగా బాగా వంపు తిరిగి ఉంటుంది. సన్న తీగను పక్కకు లాగి స్వరం పెంచబోతే అది ఆ వంపు గుబ్బకు ఒరుసుకుని మధ్యలోనే మూగబోతుంది. అలా లాగి వాయించేవాళ్లు ఎత్తు కాస్త ఎక్కువే ఉంచుకోవాలి.

అలాగని కొత్త గిటార్ పెట్టె విప్పగానే ఈ స్క్రూల మీద పడకూడదు. ముందు శ్రుతి చేయాలి. పదో నంబరు సెట్ (అన్నిటికన్నా సన్న తీగ 0.010 అంగుళాలుండేది) ఆరు తీగలూ కలిసి నెక్‌ను దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంటాయి. చెక్క తేమ పీల్చినా, ఆరినా ఆ లాగుడుకు నెక్‌లో వచ్చే వంపు మారుతుంది. దాన్ని సరిచేసే ట్రస్ రాడ్ నెక్ లోపల ఉంటుంది. మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగను నొక్కిపట్టి ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడాలి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ట్రస్ రాడ్‌ను ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పొద్దు.

ఆ తర్వాతే శాడిల్. సరిపోయే అలెన్ కీ వాడాలి. అమెరికా తయారీకి 0.050 అంగుళాలది, చాలా ఆసియా తయారీలకు 1.5 మిల్లీమీటర్లది. రెంటికీ తేడా వెంట్రుకవాసే, కానీ తప్పుడు కీ పెడితే స్క్రూ తల అరిగిపోతుంది. శాడిల్ ఒరిగిపోకుండా రెండు స్క్రూలనూ సమంగా తిప్పాలి. ఎత్తు మారితే తీగ మీద నొక్కుడు మారుతుంది, స్వరమూ జరుగుతుంది. అందుకే చివరగా పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (తీగను తాకీ తాకకుండా మీటితే పలికే స్వరం) నొక్కిన స్వరాన్నీ పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా పలికితే శాడిల్‌ను వెనక్కి జరిపి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ పోల్చాలి.