కారు పైకప్పే సగం యాంటెన్నా

మా అపార్టుమెంటు పిల్లలు నా కారు మీద నిలబడ్డ పుల్లను చూసి "అంకుల్, ఇది పోలీసు బండా?" అని అడుగుతుంటారు. కాదు, అది హామ్ రేడియో యాంటెన్నా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అక్కడి మన వాళ్ల క్షేమం తెలియక ఎన్ని కుటుంబాలు అల్లాడాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి సమయాల్లో కబురు చేరవేసేది హామ్‌లే. 1977 దివిసీమ ఉప్పెనప్పుడూ వారు ఆ పని చేశారు. అయితే డాబా మీది యాంటెన్నా తుపాను గాలికి ఒరిగిపోవచ్చు. కారుకైతే సొంత బ్యాటరీ, దాన్ని నింపే ఇంజను, అవసరమైన చోటికి వెళ్లే చక్రాలు ఉన్నాయి.

మన దేశంలో బండ్లలో ఎక్కువగా వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండు. ఈ తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే అర మీటరు పుల్ల చాలు. కానీ ఆ పుల్ల సగం యాంటెన్నానే. మిగతా సగం దాని కింద పరుచుకున్న ఇనుప రేకు. ఇది తెలియక మొదట్లో నేను అందంగా ఉంటుందని డిక్కీ అంచున బిగించాను. ముందువైపు ఉన్నవారికి నా మాట బాగానే వినిపించేది, వెనకవైపు వారికి సగం సగమే. అదే సెట్టు, అదే పుల్ల పైకప్పు నడిమధ్యకు మార్చేసరికి అన్ని వైపులా ఒకేలా పలికింది.

పైకప్పుకు బెజ్జం వేసి బిగించడమే శ్రేష్ఠం. కానీ కొత్త కారుకు బెజ్జం అంటే ఇంట్లో ఒప్పుకునేదెవరు? సరిగ్గా మూయకపోతే నీరు కారుతుంది, తుప్పు పడుతుంది. అందుకే నాలాంటివారికి అయస్కాంతపు బేస్ మేలు. అది అద్దం సన్‌రూఫ్ మీద, అల్యూమినియం మీద నిలవదు. పెట్టేముందు దుమ్ము తుడవాలి, లేదంటే రంగు గీసుకుపోతుంది.

కేబుల్‌ను తలుపు రబ్బరు మెత్తగా ఉన్న మూల నుంచి లోపలికి తేవాలి. తలుపు కింద నలిగితే లోపలి తీగ దెబ్బతింటుంది. లోపలికి వచ్చే ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడేలా వంచాలి, వాన నీరు అక్కడే బొట్లుగా రాలిపోతుంది. నేను వంచలేదు, ఒక వానాకాలమంతా తడి సీటు మీద కూర్చున్నాను.

అసలు జాగ్రత్త పడాల్సింది కరెంటు దగ్గర. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు దాదాపు 10 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ దానికి తగినది కాదు. బ్యాటరీ నుంచే నేరుగా మందపాటి తీగలు లాగి, రెండు తీగలకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజులు పెట్టాలి. ఫ్యూజు సెట్టు దగ్గర మాత్రమే ఉంటే, మధ్యలో తీగ బాడీకి రాసుకుని షార్టయినప్పుడు మంటలే. సెట్టునూ మైకునూ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట పెట్టకండి.

చివరగా ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూడాలి. యాంటెన్నా తీసుకోకుండా వెనక్కి పంపిన శక్తిని, అంటే మన భాషలో చెల్లక తిరిగొచ్చిన చెక్కును, అది పట్టిస్తుంది. 1.5 చూపితే తిరిగొచ్చేది 4 శాతమే, 3 చూపితే 25 శాతం. అప్పుడు పుల్ల పొడవు కొద్దికొద్దిగా సరిచేయాలి.

మాట్లాడుతున్నప్పుడు ఎవరూ పుల్లను ముట్టుకోకూడదు. కరెంటు తీగల కింద బండి ఆపకూడదు. సెల్లార్‌లోకి దిగేముందు యాంటెన్నా తీసేయాలి. ప్రసారం చేయడానికి కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. 12 ఏళ్లు నిండిన పిల్లలూ రాయవచ్చు. పోలీసు బండా అని అడిగిన పిల్లల్లో ఒకడు ఇప్పుడు ఆ పరీక్షకే చదువుతున్నాడు.