హెచ్.ఐ.వి. యే ద్రవముల వలన సంక్రమించును?

విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు ఈ పత్రికలో వ్రాయుచుండు నేను ఈ మాసమున నొక రోగమును గూర్చి వ్రాయుట సభ్యులలో కొందరికి వింతగా తోచవచ్చును. కారణమిది. నేను పర్యటించు గ్రామములలో నొకదానియందు ఒక వితంతువు రెండు గేదెలను పెట్టుకొని పాల కేంద్రమునకు పాలు పోయుచు జీవించుచుండెను. ఆమెకు హెచ్.ఐ.వి. కలదని యెట్లో ఊరిలో పొక్కినది. మరునాటి నుండి ఆమె క్యానును కేంద్రములోనికి రానీయలేదు. 12 దినములు ఆమె పాలను కాఫీ హోటలునకు సగము ధరకు అమ్ముకొనెను. అభ్యంతరము చెప్పినవారిలో నొక్కరైనను, మనుష్యుల రోగము గేదె పాలలోనికి ఎట్లు వచ్చునని అడుగలేదు. గ్రామము పేరు చెప్పను. ఆ ప్రశ్నకు సమాధానము మాత్రము చెప్పవలసియున్నది. అందుకై కొన్ని మాటలు సిగ్గు విడిచి వ్రాయక తప్పదు గాన పెద్దలు మన్నింతురు గాక.

ఈ వైరసును 1983వ సంవత్సరమున పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థవారు కనుగొనిరి. మన దేశమున 1986లో చెన్నపట్టణమందు డాక్టరు సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల గారలు దీనిని మొదట గుర్తించిరి. ఇది మనుష్యుల రక్తమందలి ఒక జాతి తెల్లకణములలో చేరి వృద్ధి పొందును. పశువులకు ఈ రోగము రాదు. గేదె పాలలో ఇది యుండదు. పాలు పిండువాని చేతి చెమటలో నుండి ఇది అంటదు. ఒకవేళ చేతి గాయము నుండి రక్తపు బొట్టొకటి పాలలో పడినను, గాలి సోకుటచేతను, పాలు కాగుటచేతను, కడుపులోని ఆమ్లముచేతను వైరసు నశించును.

దేహములో ద్రవములు అనేకము. వానిలో ఈ రోగమును మోయగలవి కొన్ని మాత్రమే. అవి రక్తము, పురుషుని శుక్రము, శుక్రమునకు ముందుగా స్రవించు పలుచని ద్రవము, స్త్రీ యోని స్రావము, మలద్వారము లోపలి స్రావము, తల్లి చనుబాలు. చెమట, కన్నీరు, మూత్రము, ఉమ్మి వీని వలన రోగము అంటదు. ఉమ్మి విషయమై యొక మాట చెప్పెదను. రక్తము కంటె ఉమ్మిలో ఉప్పు చాల తక్కువ. నీటిలో నానిన శనగ ఉబ్బునట్లు, వైరసును మోయు తెల్లకణములు ఉమ్మిలో పడినంతనే ఉబ్బి పగిలిపోవును. వైరసును అడ్డగించు మాంసకృత్తులు కూడ ఉమ్మియందు కలవు. కనుక ఒకే చెంబుతో నీరు త్రాగినను, ఒకే పంక్తిని భుజించినను భయము లేదు. దోమకాటు వలనను ఈ రోగము రాదు.

శుక్రమునకు ముందు వచ్చు ద్రవమును గూర్చి వేరుగా చెప్పుటకు హేతువు కలదు. స్ఖలనమునకు ముందే తొలగినచో ప్రమాదము లేదని తలచువారు పలువురు. ఆ పలుచని ద్రవమునందును వైరసు ఉండవచ్చును గాన ఆ నమ్మకము సరికాదు.

ఇక ద్రవము మోయగలదైనంత మాత్రమున ప్రతిసారియు రోగము సంక్రమించునని కాదు. అందులో వైరసు ఎంత యున్నదను లెక్కయే ప్రధానము. వరి విత్తనములో ఊద గింజ ఒకటి కలిసినదానికిని, గుప్పెడు కలిసినదానికిని గల భేదము వంటిది ఇది. ఆఫ్రికాలోని ఉగాండా దేశమున రాకై అను పల్లె ప్రాంతమందు, ఒకరికి రోగముండి రెండవవారికి లేని 415 దంపతుల జంటలను వైద్యులు పరిశీలించి 2000 సంవత్సరమున ఫలితమును ప్రకటించిరి. రోగి రక్తమున ఒక మిల్లీలీటరునకు 1500 వైరసుల కంటె తక్కువగా నున్న జంటలలో ఒక్కరికిని రోగము అంటలేదు. లెక్క పెరిగిన కొలది సంక్రమణము పెరిగినది. రోగము సోకిన తొలి వారములలో ఈ లెక్క మిక్కిలి హెచ్చుగా నుండును. అప్పటికి ఆ మనుష్యునకు తన రోగము తెలియదు. పరీక్షలో కూడ కనబడకపోవచ్చును.

రక్తములో లెక్క ఒకటే యైనను శుక్రములో హెచ్చుట కలదు. మలావీ దేశమున జరిగిన పరిశోధన 1997లో వెలువడినది. సెగ మొదలగు వ్యాధుల వలన మూత్రనాళము వాచిన రోగుల శుక్రములో, అట్టి వాపు లేని రోగుల శుక్రములో కంటె వైరసు 8 రెట్లు అధికముగా నుండెను. రక్తములోని లెక్క మాత్రము ఇరుపక్షములకును సమానమే. సెగకు మందు ఇచ్చిన రెండు వారములకు శుక్రములోని వైరసు తగ్గినది. సెగను, సవాయిని దాచుకొని నాటుమందులు మ్రింగువారు ఈ సంగతిని గమనింపవలెను. ఆ వ్యాధులు లేనివానికి అంటించు శక్తిని పెంచుటయే కాక, ఆరోగ్యవంతునకు అంటు అవకాశమును కూడ పెంచును. పుండు పడిన చోట చర్మము తెగియుండును. వైరసు కోరు తెల్లకణములు అచ్చటనే గుమిగూడియుండును.

స్త్రీ దేహమున ప్రకృతి ఏర్పరచిన రక్షణ యొకటి కలదు. మన యింట పాలను తోడుపెట్టునపుడు పెరుగు చేయు సూక్ష్మజీవుల వర్గమునకు చెందినవే ఆరోగ్యవతియగు స్త్రీ యోనియందును నివసించి పులుపును పుట్టించుచుండును. మట్టి పరీక్ష చేయించిన రైతులకు ఉదజని సూచిక యను అంకె తెలియును. 7 తటస్థము, అంతకు తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. ఆరోగ్యవతి యోని స్రావము 4 ప్రాంతమున నుండును. ఆ పులుపులో వైరసు బలహీనపడును. శుక్రము 7 దాటి 8 వరకు క్షారముగా నుండును. ఆమ్ల నేలకు సున్నము చల్లినట్లు, సంయోగ సమయమున శుక్రము ఆ పులుపును కొంతసేపు విరిచివేయును. ఆ రక్షణ అవసరమైనప్పుడే లేకుండ పోవుచున్నదన్నమాట. ఆ మేలు సూక్ష్మజీవులు తగ్గి, దుర్వాసనతో తెల్లబట్ట అగుచున్న స్త్రీలకు రోగము మరింత సులభముగా అంటును. సబ్బునీటితోను మందునీటితోను లోపల కడుగుకొను అలవాటు ఆ సూక్ష్మజీవులను చంపును గాన మానవలెను. పులుపు మంచిదని చెప్పితిని గదాయని నిమ్మరసము వాడువారు ఉందురేమో! అది లోపలి పొరను కాల్చి హాని చేయును. తెల్లబట్టకు ఆసుపత్రిలో మందు కలదు.

యోని పొరలో కణములు అనేక వరుసలుగా నుండును. మలద్వారము లోపలి పొర ఒక్క వరుస మాత్రమే. కనుక ఆ మార్గమున జరుగు సంయోగమునందు ప్రమాదము హెచ్చు.

ఇప్పుడు శుభవార్త. మందుల వలన ద్రవములలోని వైరసు కనబడనంతగా తగ్గును. చెన్నై, పూనా నగరములతో కూడ తొమ్మిది దేశములలో 1763 జంటలతో జరిగిన పరిశోధన ఫలితము 2011లో వెలువడినది. వెంటనే మందు మొదలుపెట్టినవారి నుండి జతవారికి సంక్రమించుట, ఆలస్యముగా మొదలుపెట్టినవారితో పోల్చగా 96 శాతము తగ్గినది. వైరల్ లోడు పరీక్షలో వైరసు కనబడని స్థితిలో నుండి, మందు మానక వాడువారి వలన జతవారికి సంభోగము ద్వారా రోగము అంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. ఆ స్థితికి వచ్చుటకు ఆరు నెలల వరకు పట్టవచ్చును. మన దేశమున ఈ మందులను ప్రభుత్వము 2004 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు ఉచితమే. ప్రమాదము జరిగినదని తెలిసినవారు 72 గంటల లోపల ఆసుపత్రికి పోయినచో రోగము రాకుండ మందు ఇత్తురు.

రబ్బరు తొడుగు ఈ ద్రవములు ఒకరి నుండి ఒకరికి చేరకుండ ఆపును. సెగ, సవాయిల నుండి కూడ చాలవరకు కాపాడును. కాని కొబ్బరినూనె, ఆముదము, వెన్న మొదలగునవి దానికి తగులరాదు. నూనె తగిలిన యింజను బెల్టు ఏమగునో రైతులకు నేను చెప్పనక్కరలేదు. దానిని చొక్కా జేబులో ఎండలో త్రిప్పుటయు తగదు.

పాల కేంద్రము సంగతికి మరల వచ్చెదను. హెచ్.ఐ.వి. గలవారి యెడల ఉద్యోగములందును, ప్రజోపయోగ సేవలందును భేదము చూపరాదని 2017లో కేంద్ర ప్రభుత్వము చట్టము చేసినది. అది 2018 సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలులోనున్నది. తన రోగస్థితిని వెల్లడింపుమని ఎవరినిని నిర్బంధింపరాదని కూడ అందు కలదు. ఈ సంగతులు తెలిసిన పిమ్మట 13వ దినమున ఆ వితంతువు క్యానును కేంద్రములోనికి రానిచ్చిరి. ఆ 12 దినముల నష్టమును మాత్రము సంఘమువారు ఆమెకు ఇంకను చెల్లింపలేదు.