చూసినా కనబడని గ్రహం

మీరెప్పుడైనా దూరదర్శినిలో శనిగ్రహాన్ని చూశారా? మొదటిసారి చూసినవాళ్లలో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. గొట్టం లోపల ఎవరో శని బొమ్మ అతికించారేమోనని! వలయంతో సహా అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వేధశాలలో ఇలాంటి ఆశ్చర్యం అందరికీ అందుబాటులో ఉంది. చాలా ఏళ్లుగా అక్కడ చలికాలపు బుధవారం రాత్రుల్లో ప్రజలకు తలుపులు తెరుస్తున్నారు. ముందు ఒక శాస్త్రజ్ఞుడు అరగంటసేపు మాట్లాడతాడు. ఆ తరువాత, మబ్బులు లేకపోతే, అందరూ ఆకాశం చూడటానికి బయలుదేరతారు.

చలిలోనే ఎందుకు? వేసవిలో పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కేంబ్రిడ్జి 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ నెలలో అక్కడ రాత్రి పది దాటినా ఆకాశం పూర్తిగా నల్లబడదు. అందుకని నక్షత్రాలు చూడాలంటే చలిని భరించక తప్పదు.

అక్కడి పాత దూరదర్శినులలో పెద్దది నార్తంబర్లాండ్ దూరదర్శిని. 1833లో నార్తంబర్లాండ్ డ్యూక్ డబ్బు ఇవ్వగా, జార్జి ఐరీ అనే శాస్త్రజ్ఞుడు దీనికి నమూనా తయారుచేశాడు. దీని గొట్టం పొడవు సుమారు 6 మీటర్లు. ముందున్న కటకం వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు. (మొదటి కటకాన్ని తరువాతి కాలంలో మార్చారు.)

ఇప్పుడు చిన్న లెక్క. చీకటిలో మన కంటిపాప సుమారు 6 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. కటకం వ్యాసం దానికి 50 రెట్లు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అది కంటికన్నా 50 × 50, అంటే 2,500 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. కంటికి ఆనని మసక చుక్కలు దూరదర్శినిలో కనబడటానికి కారణం ఇదే.

మరొక చిక్కు ఉంది. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక, చూస్తున్న నక్షత్రం కాసేపటికే పక్కకు జరిగిపోతుంది. అందుకే దూరదర్శినిని భూమి అక్షానికి సమాంతరంగా ఉన్న ఒక ఇరుసు మీద అమర్చి, భూమి తిరిగే దిశకు ఎదురుగా అదే వేగంతో తిప్పుతారు. కేంబ్రిడ్జిలో ఆ ఇరుసు నేలకు 52 డిగ్రీలు వాలి ఉంటుంది. మన హైదరాబాదులో అయితే సుమారు 17 డిగ్రీలు చాలు. ఎందుకో ఆలోచించండి!

ఈ దూరదర్శినికి ఒక కథ ఉంది. యురేనస్ గ్రహం తన దారిలో లెక్క ప్రకారం నడవడం లేదని 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు గమనించారు. కనబడని మరో గ్రహం దాన్ని లాగుతున్నదా? ఇంగ్లండులో ఆడమ్స్, ఫ్రాన్సులో లెవెరియే విడివిడిగా లెక్కలు కట్టారు. 1846 జులై చివర కేంబ్రిడ్జి వేధశాల అధిపతి చాలిస్ ఈ దూరదర్శినితోనే వెతకడం మొదలుపెట్టాడు.

ఆ ప్రాంతానికి సరైన నక్షత్ర పటం ఆయన దగ్గర లేదు. కాబట్టి కనబడిన ప్రతి చుక్క స్థానాన్నీ రాసుకుంటూ పోయాడు. వేరువేరు రాత్రుల జాబితాలను పోల్చితే, చోటు మారిన చుక్క ఏదో అదే గ్రహం. పద్ధతి మంచిదే. ఆగస్టు 4న, మళ్లీ 12న ఆ కొత్త గ్రహం ఆయన పుస్తకంలోకి ఎక్కింది కూడా!

కాని పోల్చడం వాయిదా పడింది. ఆగస్టు 12 నాటి జాబితాను జులై 30 నాటి దానితో పోల్చబోయి, 39 చుక్కల దగ్గర ఆపేశాడు. గ్రహం 49వది. మరో పది చుక్కలు చూసి ఉంటే చరిత్ర మారిపోయేది!

సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె, డారెస్ట్ అనే ఇద్దరు లెవెరియే చెప్పిన చోట వెతికారు. వాళ్ల దగ్గర కొత్త నక్షత్ర పటం ఉంది. పటంలో లేని చుక్క ఒకటి ఆ రాత్రే దొరికింది. అదే నెప్ట్యూన్. సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి సుమారు 165 ఏళ్లు పడుతుంది. కనుగొన్న తరువాత దాని మొదటి చుట్టు 2011లో పూర్తయింది.

నెప్ట్యూన్ కాంతి చాలిస్ కంటిలో పడింది. అయినా ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. చూడటం వేరు, చూసినదాన్ని పోల్చి తెలుసుకోవడం వేరు.

మీకు దూరదర్శిని లేకపోయినా ఈ పని చేయవచ్చు. ఆకాశంలో మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగే ఒక గ్రహాన్ని పెద్దల సాయంతో గుర్తించండి. దాని చుట్టూ ఉన్న నాలుగైదు నక్షత్రాలతో కలిపి నోటుపుస్తకంలో బొమ్మ గీయండి. రెండు మూడు రోజులకొకసారి చొప్పున నెలరోజులు గీయండి. బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ చుక్క కదిలిందో మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరచిపోకండి. పోల్చే పనిని రేపటికి వాయిదా వేయకండి!